పాక్ ఒక్కటే చాలదు, సాఫ్ కూడా కావాలి

మన ఇళ్లలో పెద్దలు శుభ్రత గురించి చెప్పేటప్పుడు రెండు మాటలను జంటగా వాడతారు: పాక్-సాఫ్. బట్టలు పాక్-సాఫ్‌గా ఉండాలంటారు, వంటిల్లు పాక్-సాఫ్‌గా ఉండాలంటారు, నమాజు చేసే చోటు పాక్-సాఫ్‌గా ఉండాలంటారు. పాక్ అంటే ధర్మశాస్త్రం చెప్పిన అపవిత్రత తొలగిపోవడం. సాఫ్ అంటే మురికి, జిడ్డు, వాసన మిగలకుండా పోవడం. నాలుక మీద ఈ రెండు మాటలూ ఎప్పుడూ కలిసే ఉంటాయి. చేతల్లో మాత్రం మొదటిదాన్ని పట్టుకొని రెండోదాన్ని వదిలేస్తున్నాం. ఈ నిర్లక్ష్యానికి మూల్యం చెల్లిస్తున్నది మనం కాదు, మన పసిపిల్లలు.

నిర్మల్ నుంచి ఆదిలాబాద్‌కు పోయే 44వ నెంబరు జాతీయ రహదారి మీద ఉన్న ఊరు ఇచ్చోడ. ఉర్దూ, తెలుగు, మరాఠీ, గోండి, లంబాడీ మాటలు ఒకే బజారులో వినిపించే మండల కేంద్రం. జూన్‌లో బడి తలుపులు తెరిచే వేళకే అక్కడ వానలు మొదలవుతాయి. నల్లరేగడి నేల జిగట బురదగా మారుతుంది. అంగన్‌వాడీకి, ఒకటో తరగతికి, రెండో తరగతికి పోయే పిల్లలు ఆ బురదలోనే ఆడతారు. గోలీలు ఆడిన చేత్తోనే జామకాయ కొరుకుతారు. మధ్యాహ్నం గంట కొట్టగానే పళ్లెం పట్టుకొని వరుసలో నిలబడతారు. నల్లా దగ్గర రద్దీ ఉంటే చేతిని చొక్కాకు తుడుచుకొని కూర్చుంటారు. ఇది ఒక్క ఇచ్చోడ ముచ్చట కాదు. బోథ్, నేరడిగొండ, గుడిహత్నూర్, ఉట్నూరు, ఖానాపూర్, ఎక్కడికి పోయినా చిన్నపిల్లల తీరు ఇంతే. పిల్లలను తప్పుపట్టి లాభం లేదు. వారికి నేర్పవలసింది మనమే.

ఆ చేతి వెంట కడుపులోకి ఏం పోతున్నదో తెలుసుకోవడం ప్రతి తల్లికీ, తండ్రికీ అవసరం.

మనవాళ్లు నట్టలు, ఏలికపాములు అని తెలుగులోనూ, కీడే అని ఉర్దూలోనూ పిలిచేవి పిల్లల పేగుల్లో కాపురముండే పురుగులు. వీటిలో ఏలికపాము పెద్దది. జానెడు, అంతకు మించి కూడా పెరుగుతుంది. ఒక్క ఆడపురుగు రోజుకు దాదాపు రెండు లక్షల గుడ్లు పెడుతుంది. అవి మలంతో బయటపడతాయి. ఆరుబయట మలవిసర్జన జరిగిన చోట ఆ గుడ్లు మట్టిలో కలుస్తాయి. తడి, నీడ ఉన్న నేలలో రెండు మూడు వారాలకు అవి మనిషికి సోకే స్థితికి వస్తాయి. కంటికి కనిపించనంత చిన్నవి. ఆ మట్టిలో ఆడిన బిడ్డ గోరు సందులో చేరతాయి. అక్కడి నుంచి నోటికి ఎంత దూరం?

కడుపులోకి పోయాక గుడ్డు పగిలి పిల్లపురుగు బయటికి వస్తుంది. అది పేగు గోడను దాటి రక్తంలో కలిసి, కాలేయం మీదుగా ఊపిరితిత్తులకు చేరుతుంది. అందుకే కొందరు పిల్లలకు పొడి దగ్గు వస్తుంది. అక్కడి నుంచి గొంతులోకి ఎక్కి, మింగినప్పుడు తిరిగి పేగుకు వచ్చి పెద్దదవుతుంది. బిడ్డ తిన్న తిండిలో తన వాటా తీసుకుంటూ ఏడాది, రెండేళ్లు అక్కడే ఉంటుంది. సంఖ్య ఎక్కువైతే పేగు మూసుకుపోయి ప్రాణం మీదికి వస్తుంది.

నులిపురుగుది మరో దారి. తెల్లని దారప్పోగులా, అర అంగుళం లోపు ఉంటుంది. రాత్రి బిడ్డ నిద్రపోయాక ఆడపురుగు మలద్వారం దగ్గరికి వచ్చి గుడ్లు పెడుతుంది. దురదకు బిడ్డ నిద్రలోనే గోకుతుంది. గుడ్లు గోళ్లలో చేరతాయి. కొన్ని గంటల్లోనే అవి సోకడానికి సిద్ధమవుతాయి. తెల్లవారి అదే చేయి రొట్టె మీద పడుతుంది, చెల్లెలి చేతిని పట్టుకుంటుంది. ఇంట్లో ఒకరికి ఉంటే అందరికీ పాకేది ఇలాగే. ఇక కొంకిపురుగు చేతిలోంచి కాదు, ఎక్కువగా ఒట్టి కాళ్ల చర్మంలోంచి లోపలికి దూరుతుంది. పేగు గోడను కరిచి పట్టుకొని రక్తం తాగుతుంది. పిల్లలకు చెప్పులు వేయించడం అందుకే అవసరం.

ఇక్కడ రెండు అపోహల గురించి చెప్పక తప్పదు. బెల్లం, మిఠాయి ఎక్కువ తింటే నట్టలు పడతాయని మన పెద్దలు అంటారు. బెల్లంలోంచి పురుగు పుట్టదు. బెల్లం పట్టుకున్న మురికి చేతిలోంచి వస్తుంది. బెల్లం మానిపించి చేయి కడిగించకపోతే పురుగులు తగ్గవు. రెండోది, బిడ్డ బాగా తిన్నా చిక్కిపోతుంటే నజర్ తగిలిందని ఊరుకోవడం. దృష్టి దోషం నుంచి శరణు వేడుకొనే దుఆలు మనకు ఉన్నాయి, వాటిని చదవడంలో తప్పు లేదు. అయితే దుఆతో పాటు వైద్యం చేయించమనీ మన ధర్మమే చెబుతుంది. జబ్బులకు చికిత్స చేయించుకోమని దైవప్రవక్త (స) తన సహచరులకు స్వయంగా చెప్పారు. బిడ్డ ముఖం పాలిపోయినా, ఆకలి మందగించినా, తరచూ కడుపునొప్పి అన్నా, రాత్రిళ్లు ఆసనం దగ్గర గోక్కుంటున్నా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోవాలి.

ఇది చిన్న సమస్య అని తోసిపుచ్చడానికి వీల్లేదు. ప్రపంచంలో దాదాపు 150 కోట్ల మందికి మట్టి ద్వారా సోకే పేగు పురుగులు ఉన్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మన రాష్ట్రం సంగతి చూద్దాం. 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలోని అయిదేళ్ల లోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. 2015-16 సర్వేలో ఇది 61 శాతం. రక్తహీనతకు తిండిలో లోపం మొదలుకొని కారణాలు అనేకం. వాటిలో పురుగులు ఒకటి. అయితే ఈ ఒక్క కారణాన్ని తొలగించడం మన చేతిలోనే, అక్షరాలా మన చేతిలోనే ఉన్నది.

ప్రభుత్వం చేతులు ముడుచుకొని కూర్చోలేదు. 2015 ఫిబ్రవరి 10న దేశంలో జాతీయ నులిపురుగుల నిర్మూలన దినోత్సవం మొదలైంది. ఏడాది నుంచి 19 ఏళ్ల వయసు వారికి ఆల్బెండజోల్ మాత్ర ఉచితంగా ఇస్తున్నారు. రెండేళ్లు నిండిన వారికి పూర్తి మాత్ర, ఒకటి రెండేళ్ల మధ్య వారికి సగం మాత్ర. పసివారికి పొడి చేసి నీళ్లలో కలిపి పట్టాలి, పెద్దపిల్లలు నమిలి మింగాలి. బడికి పోని పిల్లలకు అంగన్‌వాడీ కేంద్రంలో వేస్తారు. మదర్సాలో చదివే పిల్లలు ఈ లెక్కలో తప్పిపోకుండా చూడవలసింది మదర్సా నిర్వాహకులు. ఆశా కార్యకర్తకు ముందుగా ఒక మాట చెబితే సరిపోతుంది. మాత్ర వేసుకున్న రోజు కొందరికి కడుపులో వికారం, కొద్దిపాటి నొప్పి కలగవచ్చు. పురుగులు ఎక్కువగా ఉన్న వారికే ఇది కనిపిస్తుంది, త్వరలోనే తగ్గిపోతుంది. అది చూసి వదంతులు నమ్మి బిడ్డను ఆ రోజు బడి మాన్పించడం సరికాదు. బిడ్డకు జ్వరమో, మరే జబ్బో ఉంటే మాత్రం టీచరుకు చెప్పి, తగ్గాక వేయించాలి.

అయితే మాత్ర చేసే పని ఒక్కటే. లోపల ఉన్న పురుగును పడగొడుతుంది. రేపు కొత్త గుడ్డు లోపలికి పోకుండా ఆపదు. మాత్ర వేసుకొని ఇంటికి వచ్చిన బిడ్డ అదే మట్టిలో ఆడి, అదే చేత్తో తింటే కథ మొదటికి వస్తుంది. వానలో తలుపు తెరిచిపెట్టి ఇంట్లో నీళ్లు తోడిపోసినట్లే అవుతుంది. తలుపు మూయడమంటే మరుగుదొడ్డి వాడడం, సబ్బుతో చేయి కడగడం, గోళ్లు తీయడం.

ఇతర దేశాల అనుభవం కూడా ఇదే చెబుతున్నది. దక్షిణ కొరియా ఒకప్పుడు మనకన్నా దీనస్థితిలో ఉండేది. 1963లో జియోంజు పట్టణంలోని ఒక ఆసుపత్రిలో తొమ్మిదేళ్ల బాలిక కడుపులోంచి వైద్యులు శస్త్రచికిత్స చేసి 1063 ఏలికపాములు తీశారు. ఆ బిడ్డ దక్కలేదు. దేశమంతా కదిలిపోయింది. 1966లో పరాన్నజీవుల నివారణకు ప్రత్యేక చట్టం చేశారు. 1969 నుంచి బడిపిల్లలందరికీ ఏడాదికి రెండుసార్లు మలపరీక్ష చేసి, పురుగులున్న వారికి మందు ఇచ్చారు. 1971 సర్వేలో నూటికి 84 మందికి పేగు పురుగులు ఉన్నట్లు తేలగా, 1992 నాటికి అది నూటికి నలుగురి లోపునకు దిగింది. మందుతో పాటు మరుగుదొడ్లు, మంచినీరు, బడిలో శుభ్రతా పాఠం అన్నీ కలిసి సాధించిన ఫలితం అది. ఒకే తరంలో ఒక దేశం ఇంత సాధించినప్పుడు మన ఊరికి ఎందుకు సాధ్యం కాదు?

ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. 2002-03లో పాకిస్తాన్‌లోని కరాచీ నగరం పేద బస్తీల్లో ఒక పెద్ద అధ్యయనం జరిగింది. కొన్ని వందల ఇళ్లకు ఏడాది పాటు సబ్బు ఇచ్చి, ఎప్పుడు ఎలా కడుక్కోవాలో వారం వారం చెప్పారు. మరికొన్ని ఇళ్లను మామూలుగా వదిలేశారు. సబ్బు వాడిన ఇళ్లలో పదిహేనేళ్ల లోపు పిల్లలకు విరేచనాలు 53 శాతం తగ్గాయి. అయిదేళ్ల లోపు వారికి న్యుమోనియా సగానికి తగ్గింది. ఖరీదైన క్రిమిసంహారక సబ్బు ఇచ్చిన ఇళ్లకూ, మామూలు సబ్బు ఇచ్చిన ఇళ్లకూ తేడా కనిపించలేదు. ఈ అధ్యయనం మనల్ని ఆలోచింపజేయాలి. కరాచీ ముస్లింల నగరం. వుజూ తెలియని బస్తీ అక్కడ ఉండదు. అయినా సబ్బు రాగానే జబ్బు సగానికి తగ్గిందంటే, అంతవరకు నీళ్లతో మాత్రమే కడిగిన చేతుల మీద ఏదో మిగిలిపోయి ఉన్నదనే కదా అర్థం!

పురుగుల విషయంలో ఇథియోపియా నుంచి మరో సాక్ష్యం ఉంది. 2015లో ప్రచురితమైన అధ్యయనంలో అక్కడి ఉత్తర ప్రాంతపు బడిపిల్లలను ఆరు నెలలు గమనించారు. సబ్బుతో చేతులు కడిగించిన పిల్లల్లో నూటికి 14 మందికి పేగు పరాన్నజీవులు తిరిగి సోకగా, కడిగించని వారిలో నూటికి 29 మందికి సోకాయి. వారం వారం గోళ్లు తీసిన వారిలో 17 శాతం, తీయని వారిలో 26 శాతం. మందు కాదు, ఇంజక్షన్ కాదు. ఒక సబ్బు బిళ్ల, ఒక గోరుకత్తెర చేసిన మేలు ఇది.

ఇప్పుడు మన ధర్మం వైపు చూద్దాం. నైర్మల్యాన్ని విశ్వాసంలో సగభాగంగా ఎంచిన ధర్మం మనది. నిద్ర లేచిన వెంటనే చేతులు కడుక్కోకుండా నీటి పాత్రలో ముంచవద్దని, రాత్రి చేయి ఎక్కడెక్కడ తిరిగిందో మనిషికి తెలియదని దైవప్రవక్త ముహమ్మద్ (స) హెచ్చరించినట్లు హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించారు. ఇందులో నులిపురుగుల ప్రస్తావన ఉన్నదని మేము సాగదీసి చెప్పబోవడం లేదు. కాని రాత్రి గోక్కున్న బిడ్డ చేతికి ఇంతకన్నా సరిపోయే హితవు ఏముంటుంది? నీటి రేవుల్లో, బాటల్లో, జనం సేదతీరే నీడల్లో మలవిసర్జన చేయడాన్ని ఆయన (స) శాపకారణమైన పనిగా నిషేధించారు. గోళ్లు తీసుకోవడాన్ని ప్రకృతి సహజమైన శుభ్రతల్లో ఒకటిగా చెప్పారు, నలభై రోజులకు మించి వదిలేయరాదని గడువు కూడా పెట్టారు. తన ఇంట పెరిగిన బాలుడు ఉమర్ బిన్ అబీ సలమా (రజి) పళ్లెంలో అటూ ఇటూ చేయి పోనిస్తుంటే, అల్లాహ్ పేరు పలికి కుడిచేత్తో తన ముందున్నది తినమని ప్రేమగా నేర్పారు. అంత గొప్ప బాధ్యతల నడుమ కూడా ఒక పసివాడి చేతి మీద ఆయన దృష్టి నిలిచింది.

మలవిసర్జన తర్వాత, స్నానానికి ముందు ఆయన (స) చేతిని నేలకో, గోడకో రుద్ది కడిగేవారని హదీసుల్లో ఉంది. అంటే నీళ్లు పోస్తే చాలని ఆయన సరిపెట్టుకోలేదు. జిడ్డు, వాసన వదిలేదాకా రుద్దారు. ఆనాడు అందుబాటులో ఉన్నది మట్టి. ఈనాడు మన పెరటి మట్టిలో పురుగు గుడ్లు ఉండవచ్చు, అంగట్లో సబ్బు ఉన్నది. రుద్ది కడగాలన్న ఆ ఉద్దేశాన్ని నేడు సబ్బు నెరవేరుస్తుంది. మనవాళ్లలో చాలామంది ఇస్తింజాకు లోటా నీళ్లు తప్పనిసరిగా వాడతారు, అది మంచి అలవాటు. కాని ఆ పని చేసిన ఎడమచేతిని ఆ తర్వాత సబ్బుతో కడగడం మాత్రం చాలా ఇళ్లలో అలవాటు కాలేదు. పాక్ అయింది, సాఫ్ కాలేదు.

ఇంకో సంగతి. రోజుకు అయిదుసార్లు వుజూ చేసేది పెద్దలు. పిల్లలకు నమాజు చేయమని చెప్పవలసిన వయసు ఏడేళ్లు. మట్టిలో ఆడి, నోట్లో వేలు పెట్టుకునే వయసు అంతకు ముందుది. అంటే వుజూ రక్షణ కూడా లేని పసివారికే పురుగుల బెడద ఎక్కువ. పైగా వుజూ వేళలు వేరు, ఆకలి వేళలు వేరు. జుహర్‌కు ముందే బడిలో అన్నం గంట కొడుతుంది. కనుక ‘మేము ముస్లింలం, మాకు శుభ్రత ఒకరు నేర్పాలా?’ అన్న ధీమా చాలదు.

ఈ నేపథ్యంలో మా విన్నపాలు కొన్ని ఉన్నాయి.

ఇంట్లో రెండు వేళలను గట్టిగా పట్టుకోవాలి. మరుగుదొడ్డి నుంచి వచ్చాక ఒకటి, అన్నం ముందు రెండోది. అరచేతులు, చేతుల వెనుక, వేళ్ల సందులు, గోళ్లు సబ్బుతో రుద్ది, ఒకటి నుంచి ఇరవై దాకా లెక్కపెట్టేంత సేపు కడిగించాలి. వేళ్ల సందుల్లో వేళ్లు పోనిచ్చి కడగడం వుజూలో మనకు తెలిసినదే, దానికి సబ్బు చేర్చితే చాలు. వంట చేసే ముందు, పసిబిడ్డ ఆసనం కడిగాక పెద్దలకూ ఇదే నియమం. చేతులకు రాసుకునే స్పిరిటు మందు పురుగు గుడ్లను చంపదు, నీళ్లూ సబ్బే దిక్కు. నీళ్లు కరువన్న మాట కూడా నిలవదు. రెండు చేతుల దోసిట పట్టేంత కొలత అయిన ఒక ముద్ నీళ్లతోనే దైవప్రవక్త (స) వుజూ పూర్తి చేసేవారు. తడిపాక నల్లా కట్టేసి, రుద్దాక మళ్లీ విప్పితే ఒక చెంబు నీళ్లు చాలు. ఇక ఇది తల్లుల పని మాత్రమే అనుకోవద్దు. తండ్రి తన పళ్లెం ముందు కూర్చునే ముందు సబ్బుతో చేయి కడిగితే బిడ్డ చూసి నేర్చుకుంటాడు.

శుక్రవారం గోళ్లు తీసుకోవడం మన ఇళ్లలో ఆనవాయితీ. జుమాకు తయారయ్యే తండ్రి తన గోళ్లతో పాటు పిల్లల గోళ్లూ తీస్తే వారం వారం ఈ పని మరువకుండా జరిగిపోతుంది. ఆడపిల్లలను ఇందులో మరువరాదు.

మస్జిద్ కమిటీలు వుజూ చేసే నల్లాల దగ్గర, మరుగుదొడ్ల దగ్గర సబ్బు పెట్టించాలి. పెట్టిన సబ్బు పోతుందని అంటారు. వల సంచిలో వేసి నల్లాకు కట్టి వేలాడదీస్తే పోదు, జారి బురదలో పడదు. జుమా ప్రసంగంలో ఇమాములు ఏడాదికి రెండుసార్లయినా, మాత్రలు వేసే వారానికి ముందు, ఈ విషయం మీద అయిదు నిమిషాలు మాట్లాడాలి. ఆరోగ్య కార్యకర్త వంద గడపలు తిరిగి చెప్పే మాట కన్నా మింబరు మీది నుంచి వచ్చే ఒక్క మాటకు మనవాళ్లు ఎక్కువ విలువ ఇస్తారు. సాయంత్రం మక్తబ్‌లో ఖాయిదా తెరిచే ముందు పిల్లల చేతులు చూసే ఉస్తాద్ వారికి సగం పాఠం చెప్పినట్లే.

బడిలో అన్నం గంటకు, వడ్డనకు మధ్య అయిదు నిమిషాలు చేతులు కడగడానికే కేటాయించమని తల్లిదండ్రులు హెడ్మాస్టరును కలిసి అడగాలి. ఆ వరుసలో మన పిల్లల పక్కన గోండు బిడ్డ ఉంటుంది, లంబాడీ బిడ్డ ఉంటుంది, మరాఠీ బిడ్డ ఉంటుంది. పురుగు గుడ్డుకు మతం లేదు, కులం లేదు. ఒక బిడ్డ చేయి మురికిగా ఉంటే తరగతి అంతటికీ ముప్పు. ఈద్‌కు, పెళ్లిళ్లకు ఖర్చు చేసే దాంట్లో కొంత తీసి, ఊరి బడికి ఏడాది సరిపడా సబ్బులు ఇచ్చే వారికి అందులో ప్రతి బిడ్డ ఆరోగ్యం సదఖాయే జారియా లాంటిదే కాగలదని మా నమ్మకం.

ఖియామత్ నాడు మన అధీనంలో ఉన్న వారి గురించి మనల్ని ప్రశ్నించడం జరుగుతుందని దైవప్రవక్త (స) చెప్పారు. బిడ్డ మనకు అల్లాహ్ అప్పగించిన అమానత్. ఆ అమానత్‌ను కాపాడడానికి ఈ విషయంలో కావలసింది లక్షలు కాదు. ఒక సబ్బు బిళ్ల, ఒక గోరుకత్తెర, ఒక జత చెప్పులు, ఏడాదికి రెండు మాత్రలు, రోజూ కాస్త ఓపిక. ఈ జుమా నుంచే మొదలుపెడదాం. అల్లాహ్ మన పిల్లలకు ఆరోగ్యాన్ని, మనకు సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.